గుడివాకిటి అవ్వ

ఉద్యోగవిరమణ చేసిన మరుసటి యేడు, అనగా 2019వ సంవత్సరము మే నెలలో, నేను గెర్న్సీ అను చిన్న దీవికి వెళ్లితిని. మా అమ్మాయియు అల్లుడును అప్పటికి మూడేండ్లుగా అక్కడ ఉద్యోగములు చేయుచుండిరి. "నాన్నగారూ, ఇన్నేండ్లును పుస్తకములలోని సముద్రవర్ణనలు పిల్లలకు చదివి చెప్పితిరి. ఒక్కసారి వచ్చి సముద్రము నడుమ నివసించి చూడుడు" అని మా అమ్మాయి పిలిచెను. తెలుగు పండితుడనగు నాకు సముద్రము పద్యములలో పరిచితమే కాని ఎదుట నిలిచి చూచినది మిక్కిలి తక్కువ. కావున సంతోషముతో బయలుదేరితిని.

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న ఇంగ్లీషు ఛానలులో, నార్మండీ తీరమునకు చేరువగా ఈ దీవి యున్నది. దాని వైశాల్యము సుమారు 65 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య అరువదివేలకు కొంచెము పైన. అది బ్రిటిషు కిరీటమునకు లోబడినదే కాని యునైటెడ్ కింగ్‌డములో భాగము కాదు. తన చట్టములను తానే చేసికొనును. అమావాస్యా పూర్ణిమల దినములలో అచ్చటి సముద్రపు పోటునకును పాటునకును నడుమ భేదము 10 మీటర్ల వరకు ఉండును. ఉదయము పడవలు తేలియాడిన చోటనే మధ్యాహ్నము నల్లని బండలును నాచును కనబడును.

దీవి పది పారిష్‌లుగా విభజింపబడినది. ఒక్కొక్క చర్చి చుట్టును ఏర్పడిన ఊళ్ల సముదాయమునకు పారిష్ అని పేరు. పల్లెల నడుమ బాటలు మిక్కిలి ఇరుకైనవి. రెండు ప్రక్కలను పూలపొదలతో కూడిన మట్టికట్టలుండును. ఇండ్ల ముందు చిన్న బల్లలపై బంగాళాదుంపలు, టమాటాలు, పూలగుత్తులు పెట్టి, ప్రక్కన ఒక డబ్బా ఉంచుదురు. అమ్మువారెవరును అచ్చట నిలువరు. కావలసినవారు సరకు తీసికొని, వెల డబ్బాలో వేసి పోవుదురు. ఈ వాడుకను చూచి నేను ఆ జనులయందు గౌరవము గలవాడనైతిని.

వెళ్లిన నాలుగవనాడు మా అమ్మాయి నన్ను సెయింట్ మార్టిన్ పారిష్‌లోని చర్చికి తీసికొని పోయెను. అది సుమారు 800 ఏండ్లనాటిది. గ్రానైటు రాతిగోడలు, చుట్టును పచ్చికలో సమాధులు, వాటిని చుట్టియున్న ప్రహరి. ప్రహరి వాకిట నిలువెత్తు రాయి యొకటి కనబడెను. గుమ్మపు స్తంభమని తలచి దాటిపోవుచుండగా, ఆ రాయి నన్ను చూచుచున్నట్లు తోచి ఆగితిని. దానికి ముఖమున్నది. కన్నులు, ముక్కు, నోరు, భుజములపై వస్త్రపు మడతలు, వక్షోజములు స్పష్టముగా చెక్కబడియున్నవి. ఎత్తు ఐదడుగులకు పైన. మా ఇంటి పెద్దల యెత్తే. తలపై ఎవరో పెట్టిన పూలదండ యొకటి అప్పుడే వాడుచుండెను.

క్రైస్తవ దేవాలయపు వాకిట పూలదండ ధరించిన రాతిబొమ్మ! నాకు తెలియకయే నా చేతులు జోడింపబడినవి.

చర్చిలో పూలు సర్దుటకు వచ్చిన ఒక వృద్ధురాలు అది చూచి నవ్వి, మా దగ్గరకు వచ్చెను. ఆ రాతిని వారు "గ్రాన్ మేర్ ద్యు షిమ్కియేర్" అందురట. అది ఆ దీవి పాతభాష. నార్మన్ ఫ్రెంచికి చుట్టము. ఇప్పుడు దానిని ధారాళముగా మాటలాడువారు కొద్దిమంది వృద్ధులే మిగిలిరి. ఆ మాటలకు అర్థము "శ్మశానపు అవ్వ" అని. భాషాపండితుడనగుటచే ఆ పేరు నాకు మిక్కిలి నచ్చినది. దేవత యనలేదు, బొమ్మ యనలేదు, అవ్వ అనిరి.

ఆ రాతి వయస్సు నాలుగువేల ఏండ్లని పండితుల అంచనా. లోహములు ఇంకను అరుదుగా ఉన్న కాలమున దానిని మొదట స్త్రీరూపముగా మలచిరి. పిదప చాల శతాబ్దులకు, రోమనుల కాలము నాటికి, మరియొకరు దాని ముఖమును, వస్త్రమును తిరిగి చెక్కిరని చెప్పుదురు. ఆ మీదట ఎన్నో తరములకు చర్చి వచ్చినది. అనగా ఆ యూరికి దేవాలయముకన్న అవ్వయే పెద్దది.

"అమ్మా, మీ మతములో విగ్రహములకు పూలు పెట్టుట తగునా?" అని నేను అడిగితిని.

ఆమె కోపగింపలేదు. "మేము ఈమెకు మ్రొక్కము. అయినను పెండ్లినాడు ఈమెను పలుకరింపక పోము. నా పెండ్లికిని పూలు పెట్టితిమి, మా అమ్మ పెండ్లికిని పెట్టిరి" అని చెప్పి, నా చేయి పట్టుకొని రాతి నడుమభాగమును తాకించెను. అచ్చట ఒక గరుకైన గీత వ్రేళ్లకు తగిలెను. అది సిమెంటుతో వేసిన అతుకు.

ఆ అతుకు కథ ఇది. 1860లో ఆ చర్చి ధర్మకర్తలలో ఒకడు, జనులు అవ్వకు కానుకలు సమర్పించుట విగ్రహారాధనమని తలచెను. దైవభక్తి మెండుగా గలవాడు కాబోలు. ఊరిజనుల ఆత్మలను రక్షించు చున్నానని నమ్మి ఆ రాతిని రెండు ముక్కలు చేయించెను. ఆ కాలమున మహారచయిత విక్టర్ హ్యూగో తన దేశమునకు దూరుడై ఆ దీవిలోనే నివసించుచుండెను. పారిష్ జనులు ఆ వార్త విని మండిపడిరి. వారందరును క్రైస్తవులే; ఆదివారము ఆ చర్చికే పోవువారే. అయినను తమ అవ్వను పగులగొట్టుట వారు ఓర్వలేకపోయిరి. వారి పట్టుదలవలన ముక్కలను చేర్చి అతికించి, రాతిని మరల నిలిపిరి. నిలిపిన చోటు కూడ గమనింపదగినది. ఆవరణము లోపల కాదు, దూరముగా పొలములో కాదు, సరిగా వాకిట. ధర్మకర్త మాటయు కొంత నిలిచినది, అవ్వయు నిలిచినది.

వృద్ధురాలు చెప్పుచుండగా నా వ్రేళ్లు ఆ అతుకును విడువలేదు. నా మనస్సు మాత్రము వేల మైళ్లు దాటి, నేనొకప్పుడు కట్టించిన ఒక గోడకడకు పోయెను.

విద్యార్థులారా, ఇక నేను చెప్పబోవునది నా తప్పు. 33 ఏండ్లు దానిని ఎవ్వరితోను చెప్పలేదు.

1986లో నాకు 26 ఏండ్లు. నాటి వరంగల్లు జిల్లాలోని ఒక పల్లెబడిలో తెలుగు పండితుడుగా చేరియుంటిని. ఆ బడికి ప్రహరి లేదు. పశువులు తరగతులలోనికి వచ్చుచుండెను; పిల్లలు నాటిన మొక్కలను మేకలు తినిపోవుచుండెను. గోడకు డబ్బు లేదు. ఊరికి రెండు ఫర్లాంగుల దూరమున ఒక గుట్ట యుండెను. దానిమీద పెద్ద పెద్ద గుండ్లు వలయములుగా పేర్చబడి, నడుమ వెడల్పైన రాతిపలకలు కప్పబడి యుండెను. ఊరివారు వాటిని రాకాసిగుళ్లు అందురు. ఆ పలకలు గోడకు మిక్కిలి అనువైనవని నాకు తోచెను. ఊరి యువకులను కూడగట్టి, నాలుగు బండ్లు కట్టించి, నేనే ముందు నడిచితిని.

గుట్ట క్రింద గొర్రెల కాపరియగు ఒక ముసలివాడు బండ్లకు అడ్డముగా నిలిచెను. "సారూ, అవి మన పెద్దోళ్ల ఇండ్లు. కదపొద్దు సారూ" అనెను.

"తాతా, రాకాసులు లేరు, వారికి గుళ్లును లేవు. ఇవి వట్టి రాళ్లు" అని నేను నవ్వితిని. నాతోడి యువకులును నవ్విరి. ముసలివాడు ఒక్కమాట మారాడక ప్రక్కకు తొలగెను. ఆ వారములోనే నేను మూఢవిశ్వాసములను గూర్చి తరగతిలో గొప్ప ఉపన్యాస మిచ్చితిని.

పలకలను ఎత్తినప్పుడు వాటి క్రింద రాతితొట్టెల వంటి అరలు కనబడినవి. వాటిలో కుండలుండెను, లోపల నలుపు, వెలుపల ఎరుపు. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలు కొన్ని, మట్టిలో కలిసిన ఎముకలు కొన్ని యుండెను. పిల్లలు ఆ కుండలను వరుసగా పేర్చి రాళ్లతో గురిచూచి కొట్టిరి. నేను చూచుచునే యుంటిని, వలదనలేదు. పది దినములలో గోడ పూర్తియైనది. అందరును నన్ను మెచ్చుకొనిరి. నేనును గర్వించితిని.

కొన్ని యేండ్లకు ఒక శిక్షణ తరగతిలో చరిత్రోపాధ్యాయుడొకరు పటములు చూపుచు, అటువంటి వలయములు ఇనుపయుగపు మానవుల సమాధులనియు, వాటి వయస్సు రెండువేల ఏండ్లకు పైబడినదనియు, నలుపు ఎరుపు కుండలు వారి ముఖ్యమైన ఆనవాళ్లనియు చెప్పిరి. నా తల వంగిపోయెను. మన పొలములను మనకన్న ముందు దున్నినవారు, మన చెరువుల నీరు మనకన్న ముందు త్రావినవారు తమ మృతులను అచ్చట గౌరవముతో పాతిపెట్టిరి. వారికి లిపి లేదు, గ్రంథములు లేవు. ఆ కుండలే వారి గ్రంథములు. వాటిని నా యెదుటనే నా పిల్లలు పగులగొట్టిరి. చదువురాని కాపరి పెద్దల ఇండ్లనెను. పండితుడనగు నేను వట్టి రాళ్లంటిని. ఆయన చెప్పినదే సత్యము.

గెర్న్సీ ధర్మకర్తకును నాకును భేదమేమి? అతడు భక్తి పేర పగులగొట్టించెను. నేను విజ్ఞానము పేర పెకలించితిని. ఇద్దరమును మేలు చేయుచున్నామనియే అనుకొంటిమి. ఇద్దరమును, ఇది ఏమి, ఎవరిది అని ఒక్కసారియైనను అడుగలేదు. మూఢవిశ్వాసమును ఖండించుట తప్పు కాదు. ఎరుగనిదానిని ఎరిగినట్లు నటించుట తప్పు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జరిగినదంతయు మరునాడు మా అమ్మాయితో చెప్పితిని. ఆమె నన్ను నిందింపలేదు, ఓదార్పలేదు. "ఇంకను రెండు చోట్లు చూపెదను, రండు" అని బయలుదేరదీసెను.

మొదటిది కాస్టెల్ పారిష్‌లోని సెయింట్ మేరీ చర్చి. దాని ఆవరణములోను ఒక స్త్రీరూపపు రాయి నిలిచియున్నది. దానికి కంఠహారము కలదు కాని ముఖము నున్నగా నున్నది. ఈ రాయి 1878లో చర్చి గర్భభాగపు నేలక్రింద దొరికినది. ఎవరో, ఎప్పుడో, దానిని అచ్చట పాతిపెట్టి పైన దేవాలయమును నిలిపిరి. క్రీ.శ. 601లో పోపు గ్రెగరీ, ఇంగ్లండునకు పోవుచున్న మెల్లిటస్ అను మఠాధిపతికి వ్రాసిన లేఖలో, పాతమతముల ఆలయములను కూలద్రోయక, విగ్రహములను తొలగించి ఆలయములను మాత్రము క్రొత్త ఆరాధనకు వినియోగింపుమని సలహా యొసగెను. జనుల పాదములకు అలవాటైన చోటు ఊరక మారదని ఆయన ఎరుగును. కాస్టెల్ చర్చియు అట్టి పాతచోటనే వెలసియుండవచ్చును. ఏమైనను, 1878లో రాయి బయటపడినప్పుడు ఆ పారిష్ వారు దానిని పగులగొట్టలేదు, మరల పాతిపెట్టలేదు. లేపి వెలుతురులో నిలిపిరి. అటుపక్క 18 ఏండ్ల క్రిందట జరిగినది వారికి జ్ఞాపకముండియే యుండును.

రెండవది దీవి ఉత్తరభాగమున వేల్ పారిష్‌లోని దెహ్యూ అను సమాధిమందిరము. పైకి అది గడ్డి మొలచిన చిన్న దిబ్బ. వంగి లోనికి పోయినచో, నిలువురాళ్లపై పెద్ద బండలు కప్పిన పొడవైన రాతిగది; పొడవు సుమారు 10 మీటర్లు, ప్రక్కలకు నాలుగు చిన్నగదులు. ఐదువేల ఏండ్లకు పూర్వము సేద్యము నేర్చిన తొలిజనులు దానిని తమ మృతుల కొరకు కట్టిరి. కప్పుబండ అడుగున గడ్డముగల ఒక ముఖమును, విల్లును చెక్కియున్నారు. దీపమును ఓరగా పట్టిన గాని ఆ ముఖము కనబడదు. ప్రజలు దానిని సమాధికి కావలివాడందురు.

ఈ మందిరము నేటికి నిలుచుటకు ఒక కారణము కలదు. 1775లో రాళ్లుకొట్టువారు దానిని పగులగొట్టి రాతిని అమ్ముకొనుటకు సిద్ధపడిరి. అప్పుడు జాన్ ద హావిలాండ్ అను నతడు నాలుగు పౌనుల పది షిల్లింగులిచ్చి ఆ రాళ్లను కొని, కదపవలదనెను. ఆ కాలమున పురావస్తుశాఖ లేదు, రక్షించు చట్టము లేదు. ఒక్క మనుష్యుడు, కొంచెము ధనము, ఒక్క మాట. అంతియే. 60 ఏండ్ల పిమ్మట ఆ దీవివాడే యగు ఫ్రెడరిక్ లూకిస్ అను పండితుడు ఆ మందిరమును త్రవ్వి పరిశోధించినప్పుడు, పరిశోధించుటకు మందిరము మిగిలియుండెను.

చీకటిగదిలో నిలిచి నేను ఆ మాటయే తలపోసితిని. ఆనాడు గుట్టకడ బండ్లను ఆపిన ముసలికాపరికి కొనుటకు ధనము లేదు. ఆయనకున్నది ఒక్క మాటయే. ఆ మాటను నేను నవ్వి త్రోసివేసితిని.

జూలైలో స్వదేశమునకు వచ్చిన పదియవనాడు ఆ పల్లెకు పోయితిని. కాపరి ఎప్పుడో గతించెను. గోడ మాత్రము సున్నము పూసికొని తెల్లగా నిలిచియున్నది. ప్రధానోపాధ్యాయురాలు నా మాట ఓపికతో వినెను. ఎనిమిదవ తరగతి పిల్లలను చెట్టుక్రింద కూర్చుండబెట్టి, బండ్లు, కాపరి, కుండలు, నా నవ్వు, ఏదియు దాచక చెప్పితిని. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. పిదప ఒక బాలిక లేచి, "సారూ, గోడ పడగొట్టి ఆ రాళ్లను మళ్లీ గుట్టమీద పెడదామా?" అని అడిగెను.

నాకును ఆ యాలోచన రాకపోలేదు. కాని ఏ పలక ఏ సమాధిదో ఇప్పుడు చెప్పగలవారు లేరు. ఊహించి పేర్చినచో అది మరియొక అబద్ధమగును. "వద్దమ్మా, అవ్వకు వేసినట్లు మనమును అతుకు వేయుదము. అది దాచుటకు కాదు, కనబడుటకు" అంటిని.

పిల్లలును నేనును రెండు దినములు శ్రమించి, గుట్టనుండి తెచ్చిన పలకలను గోడలో గుర్తించి, వాటిమీది సున్నమును మాత్రము గీకివైచితిమి. 17 పలకలు తేలినవి. తెల్లని గోడలో అవి నల్లగా, విడివిడిగా కనబడుచున్నవి. బడివాకిట ఒక పలకపై పిల్లలే వ్రాసిరి: "ఈ గోడలోని నల్లని రాళ్లు రెండువేల ఏండ్లకు పూర్వపు మన పెద్దల సమాధులవి. 1986లో తెలియక తెచ్చితిమి." తెలియక అను మాటను తీసివేయుమని నేను చెప్పితిని, ఎరిగినవాడు అడ్డుపడి చెప్పెను కదా. పిల్లలు ఆలోచించి, "తెలియక" కొట్టివేసి "వినక" అని వ్రాసిరి.

గుట్టమీద ఇంకను ఐదు వలయములు చెక్కుచెదరక యున్నవి. పిల్లలు వాటిని కొలిచి పటము గీచిరి. గ్రామసభలో ఆ పటమును చూపి, ఆ వైపు రాయి కొట్టవలదని పెద్దలను ఒప్పించిరి. పురావస్తుశాఖ వారికి విన్నపము వ్రాసిరి. 2025లో నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువురాళ్లు యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవని పత్రికలు ప్రకటించినప్పుడు, అప్పటికి కళాశాలలో చదువుచున్న ఆ బాలిక నాకు ఫోను చేసి, "సారూ, మన గుట్ట కూడ అటువంటిదే కదా" అనెను. అవునంటిని.

మొన్న సంక్రాంతికి మరల ఆ బడికి పోయితిని. గోడలోని మొదటి నల్లరాతి అంచున ఎవరో రెండు బంతిపూలు ఉంచిరి. ఎవరుంచిరని నేను అడుగలేదు. తీసివేయవలెనని ఎవ్వరికిని తోచలేదు. బడిగంట మ్రోగగనే పిల్లలు ఆ రాళ్ల ప్రక్కగా నడిచి లోనికి పోయిరి.